కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్: కర్నూలు, కడప, అనంతపురం పిల్లలకు, తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

కోసిగి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె సచివాలయంలో వేలిముద్ర మిషన్ ముందు అరగంట నిలబడింది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలసపోయి, ముందురోజు రాత్రే బస్సు దిగింది. కోత పనికి వేలిగీతలు అరిగిపోయాయి. బొటనవేలు పెడితే పడలేదు, చూపుడువేలు పెడితే పడలేదు. డిజిటల్ అసిస్టెంట్ అబ్బాయి ఓపికగా తడిగుడ్డతో ఆమె చెయ్యి తుడిచి, ఒక్కో వేలూ పెట్టించాడు. చివరికి ఎడమచేతి ఉంగరపువేలితో పనైంది. కొడుకు బీఎస్సీ మూడో సంవత్సరం. తల్లి వేలిముద్ర పడితేగానీ ఆ విడత స్కాలర్‌షిప్ జాబితాలో వాడి పేరు రాదు. అందుకోసం ఆమె నాలుగు రోజుల కూలి వదులుకుని వచ్చింది.

నేను కర్నూలులో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతాను. స్కాలర్‌షిప్ కాగితాలు పట్టుకుని పిల్లలు నా దగ్గరికి రావడం మొదలై చాలా ఏళ్లయింది. మార్కులు తక్కువై డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వాళ్లలో చాలా తక్కువ. పేరులో ఒక అక్షరం తేడా, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన బ్యాంకు ఖాతా, తెలియక తీసుకున్న మేనేజ్‌మెంట్ సీటు, దాటిపోయిన ఆఖరు తేదీ. పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. ఇవన్నీ ముందే సరిచేసుకోగలిగినవి. అందుకే ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు అయిన మరునాడే ఈ పని మొదలుపెట్టమని మా పిల్లలకు చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

మొదట: ఏ డబ్బు ఏమిటి

మన ఊళ్లలో అన్నిటినీ కలిపి 'స్కాలర్‌షిప్' అనేస్తాం. దానివల్లే సగం గందరగోళం. నిజానికి ఇవి వేర్వేరు డబ్బులు, వేర్వేరు దారుల్లో వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం కాలేజీ ఫీజు కట్టడం ఒకటి. దీన్నే ఆర్‌టీఎఫ్ అంటారు, అంటే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. హాస్టల్, భోజనం ఖర్చులకు ఇచ్చేది ఎంటీఎఫ్, మెయింటెనెన్స్ ఫీజు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటే 2019 నుంచి 2024 దాకా విద్యాదీవెన, వసతిదీవెన పేర్లతో నడిచింది, చాలాకాలం డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది. 2024-25 నుంచి ఫీజు మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకు వెళ్తోంది. పేరు మారినా దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లోనే.

రెండోది కేంద్రం ఇచ్చేది. ఇది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారా, అంటే పిల్లలు ఎన్‌ఎస్‌పీ అనేదాని ద్వారా, విద్యార్థి ఖాతాలో పడుతుంది. మూడోది కంపెనీలు, ట్రస్టులు ఇచ్చేది. నాలుగోది పని చేస్తే వచ్చే స్టైపెండ్. ఈ నాలుగూ తిరిగి కట్టక్కర్లేని డబ్బు. ఐదోది, విద్యారుణం, తిరిగి కట్టాల్సిందే. కన్సల్టెన్సీలవాళ్లు కొందరు లోన్‌ను కూడా 'స్కాలర్‌షిప్ వస్తుంది' అనే మాటలోనే కలిపి చెబుతారు. సంతకం పెట్టేముందు 'ఇది తిరిగి కట్టాలా?' అని నేరుగా అడగండి.

రెండు: మీ ఇంటి ఆదాయం ఏ మెట్టు మీద ఉంది

మూడు అంకెలు గుర్తుంటే చాలు: రెండున్నర లక్షలు, నాలుగున్నర లక్షలు, ఎనిమిది లక్షలు.

ఏడాదికి 2.5 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి రాష్ట్రం ఇచ్చే ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ ఉన్నాయి. భూమి లెక్క కూడా చూస్తారు: మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు, రెండూ కలిపి ఉంటే మొత్తం 25 ఎకరాలు దాటకూడదు. వర్షం మీద ఆధారపడి వేరుశనగ వేసే అనంతపురం రైతు, ఇరవై ఎకరాలు ఉంది కదా మాకు రాదులే అని ఊరుకుంటాడు. ఆ ఇరవై ఎకరాలూ మెట్టే అయితే ఆయన హద్దులోనే ఉన్నాడు.

4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు, ఇంటర్‌లో మంచి మార్కులుంటే, కేంద్ర ప్రభుత్వ మెరిట్ స్కాలర్‌షిప్ ఉంది. 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు సాంకేతిక కోర్సుల్లో అమ్మాయిలకు ప్రగతి, వైకల్యం ఉన్న పిల్లలకు సక్షమ్ ఉన్నాయి.

ఎక్కువ నష్టపోయేది మధ్య మెట్టు ఇళ్లు. ఆర్టీసీ కండక్టర్, ప్రైవేటు కంపెనీలో గుమాస్తా, చిన్న షాపు నడిపే మనిషి. ఏడాదికి నాలుగైదు లక్షలు వస్తుంది, రీయింబర్స్‌మెంట్ రాదని తేలగానే ఇక మనకేమీ లేదని వదిలేస్తారు. వాళ్ల కూతురు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఉంటే ఏడాదికి 50,000 రూపాయల ప్రగతికి దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పేవాళ్లే ఉండరు.

మూడు: సీటు తీసుకునే రోజు

ఇక్కడ తప్పు జరిగితే తర్వాత ఎవరూ దిద్దలేరు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుంది. ఈఏపీసెట్, ఈసెట్, ఐసెట్ లాంటి పరీక్షల కౌన్సెలింగ్‌లో, డిగ్రీ అయితే ఆన్‌లైన్ అడ్మిషన్లలో వచ్చిన సీటు అన్నమాట. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు, దూరవిద్యకు రాదు. కౌన్సెలింగ్‌లో కోరుకున్న బ్రాంచి రాలేదని, పక్క కాలేజీ పీఆర్వో 'మేం చూసుకుంటాం, అడ్వాన్స్ కట్టండి' అంటే ఆ ఊపులో కట్టేస్తారు. రెండు నెలల తర్వాత జ్ఞానభూమి జాబితాలో పేరు లేదని తెలుస్తుంది.

కాబట్టి డబ్బు కట్టే ముందు కాలేజీ ఆఫీసులో మూడు ప్రశ్నలు అడగండి. ఈ సీటు ఏ కోటా? రీయింబర్స్‌మెంట్ పోగా నేను చేతినుంచి ఎంత కట్టాలి? రీయింబర్స్‌మెంట్ విడుదల ఆలస్యమైతే అప్పటిదాకా నన్ను కట్టమంటారా? రెండో ప్రశ్నకు జవాబు నోటిమాటగా వద్దు. బస్సు, హాస్టల్, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, రికార్డులు, యూనిఫాం, ఇతరత్రా ఏమున్నా కాగితం మీద అంకెలతో రాసివ్వమనండి. 'ఫీజు మొత్తం గవర్నమెంటే కడుతుంది' అని చేర్చుకుని, సంవత్సరం మధ్యలో ఇరవై వేలు అడిగిన కాలేజీని నేను చూశాను. ఆ పిల్ల తండ్రి ఉల్లి అమ్మి కట్టాడు. ఆ ఏడాది ఉల్లికి ధర కూడా లేదు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి కూడా చెప్పాలి. వాటిని కాలేజీ పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. 'ఫీజు బాకీ ఉంది, టీసీ ఇవ్వం' అనే మాట ఎదురైతే ఈ సంగతి గుర్తు చేయండి. గొడవపడకుండా, రాతపూర్వకంగా. ఏ చిన్న మొత్తం కట్టినా రశీదు తీసుకోవడం మర్చిపోకండి.

ఒకసారి డిగ్రీ చేసి మళ్లీ అదే స్థాయి కోర్సులో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. ప్రైవేటు కాలేజీలో పీజీ చేరేవాళ్లు, ఆ ఏడాది జీవో ఏం చెబుతోందో చేరకముందే సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి.

నా అభిప్రాయం అడిగితే, ఫీజు భయంతో చదువు మానేయాలనుకునే పిల్లకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ మొదటి దారి. కర్నూలులో సిల్వర్ జూబ్లీ కాలేజీ ఉంది. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ 1916 నాటిది. కడపలోనూ మగపిల్లలకు, ఆడపిల్లలకు ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి. అక్కడ ఫీజే తక్కువ కాబట్టి రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనా చదువు ఆగదు.

నాలుగు: కాగితాలు, అందులోనూ పేరు

కావాల్సినవి: పదో తరగతి మార్కుల మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం-నివాసం-పుట్టిన తేదీ కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, రైస్ కార్డు, మీదీ అమ్మదీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. తండ్రి లేకపోతే మరణ ధ్రువీకరణ పత్రం. వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టవచ్చు. ప్రభుత్వం వాట్సాప్‌లో నడిపే మన మిత్ర, 9552300009 నెంబరు నుంచి కూడా కొన్ని సేవలు అందుతున్నాయి. జూన్, జూలైలో తహసీల్దార్ ఆఫీసు కిటకిటలాడుతుంది. మే నెలలోనే పెట్టేసుకుంటే టెన్షన్ ఉండదు.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. పదో తరగతి మెమోలో 'షేక్ మహబూబ్ బాషా' అని ఉంటుంది. ఆధార్‌లో 'ఎస్.కె. మహబూబ్ బాష'. బ్యాంకులో 'మహబూబ్ బాషా షేక్'. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. ఇంటిపేరు మొత్తం రాయడం ఒకచోట, పొడి అక్షరం ఒకచోట, ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువ ఇంకోచోట. వెంకటేశ్వర్లు, లక్ష్మీదేవి లాంటి పేర్లలో కూడా ఇదే తంటా.

దిద్దుకునే పద్ధతికి ఒక వరుస ఉంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకోండి, ఎందుకంటే దాన్ని మార్చడం అన్నిటికన్నా కష్టం. ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని ఆపరేటర్ టైపు చేసిన ప్రతి అక్షరం తెరమీద చదివాకే సరే అనండి. ఆధార్ మారాక ఆ కొత్త కాపీతో బ్యాంకులో, చివరగా సచివాలయం వారి కుటుంబ వివరాల్లో మార్పించండి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. పెళ్లయి వేరుపడిన అన్న ఇంకా మీ కుటుంబంలోనే నమోదై ఉండి, ఆయనకు కారు ఉంటే ఆ కారు మీ ఇంటి అర్హత లెక్కలోకి వస్తుంది. 'మా ఇంట్లో ఎవరెవరు ఉన్నట్టు చూపిస్తోంది?' అని సచివాలయంలో ఒకసారి అడిగి చూసుకోండి.

ఐదు: బ్యాంకు ఖాతా

మా తమ్ముడి కథ చెబుతాను. వాడికి ఒక ఖాతా ఉండేది. కాలేజీకి ఒక బ్యాంకువాళ్లు క్యాంపు పెట్టి, ఆధార్, వేలిముద్ర తీసుకుని రెండు నిమిషాల్లో ఇంకో ఖాతా తెరిచారు. వాడు దాన్ని మర్చిపోయాడు. ఆ ఏడాది స్కాలర్‌షిప్ పడలేదని మూడు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. డబ్బు పడనే పడింది, ఆ కొత్త ఖాతాలో. పాస్‌బుక్ కూడా లేని ఖాతాలో.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఆధార్ ఆధారంగా నేరుగా ఖాతాలో వేసే డబ్బు (దీన్నే డీబీటీ అంటారు) మీరు దరఖాస్తులో రాసిన ఖాతా నెంబరు చూసి పడదు. ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక్కో ఆధార్‌కు ఒక్క బ్యాంకే నమోదై ఉంటుంది. ఆఖరున ఏ బ్యాంకును జతచేస్తే డబ్బు దానికే వెళ్తుంది. పాన్ కార్డు, కేవైసీ కోసం బ్యాంకులో ఆధార్ ఇవ్వడం వేరు, ఈ జతచేయడం, అంటే సీడింగ్, వేరు. 'ఆధార్ లింక్ అయింది' అని బ్యాంకులో చెబితే, 'డీబీటీకి ఎన్‌పీసీఐ సీడింగ్ అయిందా?' అని మళ్లీ అడగండి.

చూసుకోవడం తేలిక. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వారి మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లోపలికి వెళ్తే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని కనబడుతుంది. బ్యాంకు పేరు, యాక్టివ్ అనే మాట అక్కడుండాలి. మామూలు ఫోను నుంచి *99*99*1# కొట్టి ఆధార్ నెంబరు ఇచ్చినా చెబుతుంది. విద్యార్థిదీ, అమ్మదీ రెండూ చూడండి, ఏ పథకం ఎవరి ఖాతా అడుగుతుందో ముందే తెలియదు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు నిద్రాణం చేస్తుంది. అందుకని వంద రూపాయలైనా వేసి, తీసి, ఖాతాను మెలకువగా ఉంచండి.

ఆరు: జ్ఞానభూమిలో దరఖాస్తు

పోర్టల్ వివరాలు నింపడం పెద్ద పనేం కాదు. మొదటి సంవత్సరం పిల్లల వివరాలు కాలేజీ లాగిన్ ద్వారా వెళ్తాయి, తర్వాత సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ పరిశీలిస్తారు. అర్హత తేలాక జాబితా వస్తుంది. డే స్కాలరా, హాస్టలరా అన్నది సరిగ్గా పెట్టించుకోండి, ఎంటీఎఫ్ లెక్క దాన్నిబట్టే ఉంటుంది. సంక్షేమ హాస్టల్లో ఉండేవాళ్లకు లెక్క వేరు.

వలస వెళ్లే ఇళ్లకు ఇక్కడ ఒక మాట. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి పంట కోతలకు, అనంతపురం, కదిరి వైపు నుంచి బెంగళూరు పనులకు వెళ్లే తల్లులు చాలామంది. బయోమెట్రిక్ ఎప్పుడు అడుగుతారో బయల్దేరే ముందే సచివాలయంలో కనుక్కుని, ఆ ఉద్యోగి ఫోను నెంబరు తీసుకుని వెళ్లండి. వేలిముద్ర పడకపోతే కనుపాప, ముఖం గుర్తింపు లాంటి ఇంకో దారి ఉందేమో అడగండి. ఆధార్ సెంటర్లో బయోమెట్రిక్ కొత్తగా నమోదు చేయించుకున్నా చాలామందికి పని జరుగుతుంది.

హాజరు 75 శాతం ఉండాలి. నవంబరులో అమ్మానాన్నలతో కోతలకు వెళ్లే పిల్లలకు దెబ్బ తగిలేది ఇక్కడే. ఆ రోజుల కూలి కంటే పోయే డబ్బు ఎక్కువని లెక్కవేసి చూపించాకే కొందరు తండ్రులు ఒప్పుకున్నారు.

ఏడు: ఎన్‌ఎస్‌పీ

ఎన్‌ఎస్‌పీ సాధారణంగా జూన్ ప్రాంతంలో తెరుచుకుంటుంది, అక్టోబరు చివరిదాకా ఉంటుంది. మొదట ఓటీఆర్, అంటే ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్. ఆధార్, ముఖం గుర్తింపుతో పూర్తయ్యాక 14 అంకెల నెంబరు వస్తుంది. చదువు పూర్తయ్యేదాకా అదే నెంబరు, నోట్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టుకోండి. దరఖాస్తుకు ఫీజు లేదు.

సబ్మిట్ నొక్కితే పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. మీ కాలేజీలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే నోడల్ అధికారి తన లాగిన్‌లో ఆమోదించాలి, ఆ తర్వాత రాష్ట్ర స్థాయిలో ఆమోదించాలి. కాలేజీ దగ్గర ఆగిపోయిన దరఖాస్తు గడువు దాటితే అక్కడికక్కడే పోతుంది. ప్రింటు తీసి, సర్టిఫికెట్ల జిరాక్సులు జతచేసి నోడల్ అధికారికి చేతికివ్వండి. పది రోజులకొకసారి స్టేటస్ చూడండి. 'డిఫెక్ట్' అని వెనక్కి వస్తే గాభరా వద్దు, దిద్దుకోవడానికే వెనక్కి పంపారు.

కేంద్ర మెరిట్ స్కాలర్‌షిప్‌లో దేశం మొత్తానికి ఏటా కొత్తగా 82,000 మందిని తీసుకుంటారు. సగం అమ్మాయిలకు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీలో 20,000. ఇంటర్‌లో 80 పర్సెంటైల్ పైన ఉండాలంటారు. చాలామంది దీన్ని 80 శాతం మార్కులని చదువుకుని వదిలేస్తారు. దాని అర్థం, మీ బోర్డులో పాసైనవాళ్లలో పైన ఉన్న 20 శాతంలో మీరుండాలని. రెన్యువల్‌కు ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి.

ప్రగతి, సక్షమ్ రెండూ సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చేవి, ఏడాదికి 50,000. ఏఐసీటీఈ గుర్తింపున్న డిగ్రీ, డిప్లొమా కోర్సులకు. ప్రగతి ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా వస్తుంది. సక్షమ్‌కు వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి.

సున్నపురాయి గనుల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. బీడీ కార్మికుల పిల్లలకూ ఉంది. డిగ్రీకి 6,000, ఇంజినీరింగ్, ఎంబీబీఎస్ లాంటివాటికి 25,000 దాకా. ఎర్రగుంట్ల, బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల రాతిపనితో బతికే ఇళ్లు ఎన్నో మనకు తెలుసు. నాన్న పేరు గని రికార్డులో ఉందా, గుర్తింపు కార్డు ఉందా అని ముందు చూసుకోండి.

ఇంజినీరింగ్ వైపు వెళ్లకుండా బీఎస్సీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, గణితం లాంటి మౌలిక శాస్త్రాలు తీసుకున్న పిల్లల్లో, ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉన్నవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. విలువ ఏడాదికి 80,000. దీనికి ఆదాయ పరిమితి లేదు, పోర్టల్ కూడా వేరు. ఊళ్లో అందరూ 'బీటెక్ చేయకుండా బీఎస్సీ ఏమిటి' అంటుంటే తలొంచుకుని తిరిగే మెరిట్ పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఎస్సీ విద్యార్థులు కేంద్రం ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో సీటు సాధిస్తే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ చూడండి. ఆదాయ పరిమితి 8 లక్షలు. ట్యూషన్ ఫీజుతోపాటు మొదటి ఏడాది 86,000, తర్వాత ఏటా 41,000 ఖర్చులకు ఇస్తారు.

ఎనిమిది: రాష్ట్రానిదీ కేంద్రానిదీ రెండూ పెట్టుకోవచ్చా?

ఏటా అందరూ అడిగే ప్రశ్న ఇదే, జవాబు తప్పుగా చెప్పేవాళ్లూ ఎక్కువే. కేంద్ర మెరిట్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో, రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ సహా ఇంకే స్కాలర్‌షిప్ తీసుకుంటున్నా అర్హత లేదని రాసి ఉంది. ప్రగతికి కూడా ఇలాంటి షరతే ఉంది. రెండూ తీసుకుని తర్వాత పట్టుబడితే డబ్బు తిరిగి కట్టమంటారు.

కాబట్టి లెక్క వేయండి. ప్రభుత్వ కాలేజీలో బీఏ చదివే అబ్బాయికి ఫీజు తక్కువ. రాష్ట్రం నుంచి అతనికి వచ్చే ఫీజు, మెయింటెనెన్స్ కలిపి 12,000 దాటుతాయా లేదా అని చూడాలి. హాస్టల్లో ఉంటే రాష్ట్రం దారే మేలు కావచ్చు. ఇంటినుంచి వచ్చిపోయే పిల్లకు కేంద్రానిదే మేలు కావచ్చు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ సీటు ఉండి, ఆదాయం 2.5 లక్షల లోపు అయితే అమ్మాయిలు ఫీజును, ప్రగతి ఇచ్చే 50,000ను పక్కపక్కన రాసి చూడండి. ఆదాయం 2.5 లక్షలు దాటినవాళ్లకు ఈ తర్జనభర్జనే లేదు, నేరుగా కేంద్రానిది పెట్టుకోవాలి.

కంపెనీలు, ట్రస్టులు ఇచ్చేవాటిలో కొన్ని ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉన్నా ఒప్పుకుంటాయి. రిలయన్స్ ఫౌండేషన్ ఏటా 5,000 మంది డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులను ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టి ఎంపిక చేస్తుంది, కోర్సు మొత్తానికి 2 లక్షల దాకా ఇస్తుంది. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) పేద పిల్లల చదువులకు దశాబ్దాలుగా అండగా నిలిచింది. దాని విదేశీ భాషల శిక్షణ నుంచి పల్లె పిల్లలు మంచి ఉద్యోగాలకు వెళ్లారు. ఏ ట్రస్టైనా సరే, 'ప్రాసెసింగ్ ఫీజు' అడిగితే ఆగిపోండి. నిజంగా ఇచ్చేవాళ్లు ముందు మిమ్మల్ని డబ్బు అడగరు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైలు నొక్కొద్దు.

తొమ్మిది: చదువుతూ పని

విదేశాల్లో లాగా క్యాంపస్‌లోనే పని ఇచ్చి ఫీజు కట్టించుకునే ఏర్పాటు మన కాలేజీల్లో చాలా తక్కువ. మన పిల్లలు ట్యూషన్లు చెబుతారు, జిరాక్స్ షాపుల్లో, మందుల షాపుల్లో సాయంత్రాలు నిలబడతారు. తప్పేమీ లేదు. రాత్రి షిఫ్టులు మాత్రం వద్దంటాను. పొద్దున క్లాసు పోతుంది, హాజరు పోతుంది, దాంతో స్కాలర్‌షిప్పే పోతుంది.

డిగ్రీలో ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి కాబట్టి, స్టైపెండ్ ఇచ్చే చోటు ఏదైనా ఉందా అని మీ మెంటర్‌ను ముందే అడగండి. డిగ్రీ, డిప్లొమా అయిపోయినవాళ్లకు నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఉంది, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ డిగ్రీవాళ్లకు నెలకు 9,000, డిప్లొమావాళ్లకు 8,000గా పెట్టారు. కేంద్రం అందులో సగం భరిస్తుంది. 2024లో వచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్‌లో మొదట నెలకు 5,000 ఇచ్చారు, 21 నుంచి 24 ఏళ్లవాళ్లకు. రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు ఇది లేదు. జేఎన్‌టీయూలోనో ఇంకెక్కడైనా ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలోనో గేట్ స్కోరుతో ఎంటెక్ చేరితే నెలకు 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది. బీటెక్ మూడో సంవత్సరంలోనే గేట్‌కు చదవడం మొదలుపెట్టమని అందుకే చెబుతాను.

పది: రెన్యువల్, ఆగిపోయినప్పుడు

మొదటి ఏడాది వచ్చిందని రెండో ఏడాది దానంతటదే వస్తుందనుకోవద్దు. ఎన్‌ఎస్‌పీలో రెన్యువల్ దరఖాస్తు ఏటా పెట్టాలి. జ్ఞానభూమిలో మీ పేరు కొత్త సంవత్సరానికి మారిందో లేదో కాలేజీలో అడగాలి. సబ్జెక్టులు మిగిలిపోయి ఏడాది ఆగితే వెంటనే ఆఫీసుకు చెప్పండి.

డబ్బు రాకపోతే వెతకాల్సిన వరుస ఇది. పోర్టల్‌లో స్టేటస్ ఎక్కడ ఆగింది? కాలేజీ దగ్గరా, సచివాలయం దగ్గరా, జిల్లా ఆఫీసులోనా? విడుదలైందని ఉంటే ఏ బ్యాంకుకు వెళ్లింది? ఈ జవాబులు చేతిలో ఉంటే ఎవరితో మాట్లాడినా పని ముందుకు కదులుతుంది. ఊరికే 'సార్, నాకు పడలేదు' అంటే 'వస్తుందిలే' అనే జవాబే వస్తుంది. కాలేజీ తర్వాత మీ వర్గాన్ని బట్టి సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ, గిరిజన సంక్షేమ, మైనారిటీ సంక్షేమ జిల్లా అధికారి ఆఫీసుకు వెళ్లండి. ఎన్‌ఎస్‌పీ అయితే 0120-6619540కి ఫోన్ చేయవచ్చు.

అక్కడా తేలకపోతే సోమవారం పొద్దున కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. ఒక పేజీలో రాయండి: పేరు, కాలేజీ, కోర్సు, దరఖాస్తు నెంబరు, ఏ తేదీ నుంచి ఎక్కడ ఆగింది, ఏం కావాలి. స్టేటస్ ప్రింటు, పాస్‌బుక్ మొదటి పేజీ జతచేయండి. ఇచ్చాక వాళ్లిచ్చే అర్జీ నెంబరును అక్కడే ఫోనులో ఫోటో తీసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు మిమ్మల్ని మొదట అడిగేది ఆ నెంబరే.